మినుకు దీపాల నిదానం

గుర్రపు బండ్లు తిరిగిన కాలంలో పాశ్చాత్య దేశాలలో బండి ముందుభాగాన, తోలేవాని కాళ్ళకు ఎదురుగా ఒక చెక్కనో తోలు పలకనో నిలబెట్టేవారు. పరుగెత్తే గుర్రాల గిట్టల నుండి ఎగిరే బురద బండిలోని వారిమీద పడకుండా అది అడ్డుకొనేది. 'డ్యాష్' అనగా చిమ్ముట. చిమ్మే బురదను ఆపే పలక గనుక దానికి డ్యాష్‌బోర్డు అని పేరు వచ్చింది. కాలక్రమంలో గుర్రాలు పోయాయి, ఆ పలకకు పనీ పోయింది. పేరు మాత్రం మోటారు కారులోకి ప్రవేశించి స్థిరపడింది. నేడు ఆ పలక మీద వేగాన్ని, ఇంధనాన్ని, ఇంజను వేడిని తెలిపే గడియారాల వంటి ముఖాలు, వాటి వెనుక చిన్న చిన్న దీపాలు ఉంటాయి. గడప మీద ఉంచిన దీపం ఇంటి లోపలికీ, వాకిటికీ ఒకేసారి వెలుగునిస్తుంది. దీనినే శాస్త్రకారులు దేహళీదీప న్యాయమన్నారు. డ్యాష్‌బోర్డు దీపాలూ అటువంటివే. అవి డ్రైవరుకు ఎదుటనున్న అంకెలను చూపడమే కాక, కంటికి కనబడని కారు లోపలి విద్యుత్తు స్థితిగతులను కూడ వెల్లడిస్తాయి. అవి మినుకుమనడం మొదలుపెడితే ఆ లోపలి వ్యవస్థలో ఏదో చెదిరిందని గ్రహించాలి.

మచిలీపట్నంలో కారును అద్దెకు తిప్పుకొని జీవించే ఒక డ్రైవరు ఉదంతం ఇందుకు తగిన ఉదాహరణ. అతని పాత పెట్రోలు కారులో రాత్రి ప్రయాణాలప్పుడు డ్యాష్‌బోర్డు దీపాలు గాలిలో పెట్టిన ప్రమిదల వలె రెపరెపలాడేవి. వాటితోబాటు హెడ్‌లైట్ల వెలుగు కూడ తగ్గుతూ, హెచ్చుతూ ఉండేది. ఉదయం తాళంచెవి తిప్పితే సెల్ఫ్ మోటారు నీరసంగా మూలిగేది. బ్యాటరీ పాతబడిందని ఒకరు చెప్పగా కొత్తది కొన్నాడు. కొన్ని వారాలు అంతా సవ్యంగా నడిచింది. తరువాత మళ్ళీ అదే వరుస. నాలుగు నెలలు తిరగకముందే రెండవ బ్యాటరీ కూడ కొనవలసి వచ్చింది. కారు వాయిదా కట్టవలసిన సొమ్ము బ్యాటరీకి పోయింది. ఒక వాన రాత్రి పెళ్ళివారిని ఎక్కించుకొని విజయవాడకు బయలుదేరి, పామర్రు దాటిన తరువాత, ఎదుటినుండి లారీ వస్తున్న క్షణంలో కారు హెడ్‌లైట్లు ఒక్కసారిగా మందగించాయి. అతడు కారును రోడ్డు వారకు తీసి ఆపగలిగాడు కాబట్టి ప్రమాదం తప్పింది. కానీ కారులో ఇద్దరు పసిపిల్లలున్నారు. ఆ రాత్రి తరువాత అతనికి చీకటి పడితే స్టీరింగు పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. రాత్రి కిరాయిలు వదులుకొంటే ఇల్లు గడవదు. ఈ సమస్యకు సమాధానం అతనికి విజయవాడ ఆటోనగర్‌లో, విద్యుత్తు పనులు మాత్రమే చేసే ఒక పెద్దవయసు మేస్త్రీ దగ్గర దొరికింది. ఆయన ఏమి చేశాడో తెలుసుకొనే ముందు, కారులో దీపం ఎట్లా వెలుగుతుందో కొంత తెలుసుకోవాలి.

కారులో విద్యుత్తుకు రెండు ఆధారాలున్నాయి. ఒకటి బ్యాటరీ, రెండవది ఆల్టర్నేటర్. సీసము, గంధకామ్లముల కలయికతో పనిచేసే బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించాడు. కారు బ్యాటరీలో అటువంటి అరలు ఆరుంటాయి. ఒక్కొక్క అర సుమారు 2.1 వోల్టుల చొప్పున ఇస్తుంది. కాబట్టి నిండుగా ఉన్న బ్యాటరీ, విశ్రాంతిగా ఉన్నప్పుడు, 12.6 వోల్టులకు అటూయిటుగా చూపుతుంది. వ్యవహారంలో దీనినే 12 వోల్టుల బ్యాటరీ అంటారు. ఇంజనును మేల్కొలపడం దీని ముఖ్యమైన పని. సెల్ఫ్ మోటారు తిరిగే ఆ కొద్ది క్షణాలలో నూరు ఆంపియర్లకు మించిన విద్యుత్తు ప్రవహిస్తుంది. ఇంజను నడక అందుకొన్న తరువాత బరువంతా ఆల్టర్నేటర్ మీదకు మారుతుంది. అది ఇంజనుతో బెల్టు ద్వారా తిరుగుతూ, 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రాన్ని అనుసరించి విద్యుత్తును పుట్టిస్తుంది. ఈ యంత్రానికి పూర్వం కార్లలో డైనమో ఉండేది. 1960లో క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ను అమర్చింది. క్రమంగా అన్ని కార్లలోను డైనమో స్థానాన్ని అదే ఆక్రమించింది. అయినా మన మెకానిక్కులు ఇప్పటికీ దానిని డైనమో అనే పిలుస్తారు. పాత పేర్లు అంత తొందరగా నోటిని వదలవు.

ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏకాంతర విద్యుత్తు. అంటే క్షణక్షణం దిశ మార్చుకొనేది. బ్యాటరీకి కావలసినది ఒకే దిశలో పారే విద్యుత్తు. ఈ మార్పును ఆల్టర్నేటర్ లోపలనే ఉండే డయోడ్లు చేస్తాయి. ఇంజను వేగం ఎంత పెరిగినా వోల్టేజి హద్దు మీరకుండా రెగ్యులేటర్ అదుపు చేస్తుంది. ఇవన్నీ క్షేమంగా ఉన్నప్పుడు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొనల వద్ద 13.8 నుండి 14.5 వోల్టుల వరకు కనబడుతుంది.

తీగచుట్ట బల్బుకు ఒక విచిత్రమైన స్వభావం ఉన్నది. దానికి అందే వోల్టేజి ఏ నిష్పత్తిలో తగ్గితే వెలుగు కూడ అదే నిష్పత్తిలో తగ్గుతుందని అనుకోవడం సహజం. నిజానికి వెలుగు అంతకంటె చాల వేగంగా పడిపోతుంది. వోల్టేజి నూటికి 10 వంతులు తగ్గితే వెలుగు దాదాపు 30 వంతులు తరిగిపోతుంది. పైగా మానవనేత్రం నిలకడగా ఉన్న మందకాంతికి అలవాటు పడుతుంది గాని, క్షణక్షణం మారే కాంతిని వెంటనే పసిగడుతుంది. ఆ కారణంచేత ఒక వోల్టు ఊగిసలాట కూడ రాత్రిపూట స్పష్టంగా కనబడుతుంది. ఆ ఒక్క వోల్టు ఎక్కడ పోతుంది? రెండు హెడ్‌లైట్లు, ఒక్కొక్కటి 55 వాట్ల చొప్పున, సుమారు 9 ఆంపియర్లు తీసుకొంటాయి. మిగిలిన దీపాలతో కలిపితే 10 ఆంపియర్లు దాటుతుంది. ఈ ప్రవాహమార్గంలో ఎక్కడైనా ఒక బోల్టు వదులై, తుప్పుపట్టి, ఓములో పదవ వంతు నిరోధం ఏర్పడినదనుకొందాం. ఓమ్ సూత్రం ప్రకారం 10 ఆంపియర్లను 0.1 ఓముతో గుణిస్తే 1 వోల్టు. ఆ వోల్టు దీపానికి చేరక ఆ తుప్పు దగ్గరనే వేడిగా మారి నశిస్తుంది. కారు కుదుపులకు ఆ బోల్టు కదిలినప్పుడల్లా నిరోధం మారుతుంది. నిరోధం మారినప్పుడల్లా దీపం మినుకుమంటుంది. ఈ దోషాలలో అధికభాగం ఈ ఒక్క లెక్కలోనే ఇమిడి ఉన్నాయి.

'నిదానం' అనే మాటకు వాడుకలో తొందరపడకపోవడం అని అర్థం. ఆయుర్వేద శాస్త్రంలో రోగకారణమని, దానిని నిర్ణయించే విధానమని అర్థం. మాధవకరుడు వ్రాసిన రోగనిర్ణయ గ్రంథానికి మాధవనిదానమని పేరు వచ్చింది ఈ రెండవ అర్థంలోనే. మినుకు దీపాల విషయంలో మాత్రం రెండర్థాలూ కలిసిపోతాయి. తొందరపడి బ్యాటరీ కొన్న డ్రైవరుకు మొదటి నిదానం లేదు, అతనికి సలహా చెప్పిన వానికి రెండవది లేదు. కొత్త బ్యాటరీ వేయగానే మినుకు తగ్గింది గదా, అంటే బ్యాటరీయే కారణం గదా అని వారి తర్కం. కాకి వాలడము, తాటిపండు రాలడము ఒకేసారి జరిగినంత మాత్రాన కాకి బరువుకు పండు రాలిందనడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. నిండుగా ఉన్న కొత్త బ్యాటరీ కొన్ని వారాలపాటు అసలు దోషాన్ని కప్పిపుచ్చుతుంది. చార్జి తరిగేకొద్దీ దోషం మళ్ళీ తలెత్తుతుంది.

పరీక్షలో తొలిమెట్టు చేతులతో చేసేది కాదు, కళ్ళతో చూసేది. మినుకుమనేది వెలుగునిచ్చే దీపమా, హెచ్చరించే దీపమా? ఈ రెండింటిని వేరుచేయాలి. అంకెల వెనుక వెలిగే దీపాలు మొదటి రకం. నూనె కుండ ఆకారంలోను, బ్యాటరీ ఆకారంలోను ఎర్రగా వెలిగేవి రెండవ రకం. ఇంజను నడుస్తుండగా ఆయిల్ గుర్తు మినుకుమంటే అది వైరింగు జబ్బు కాకపోవచ్చు. ఇంజనులో ఆయిల్ ఒత్తిడి నిజంగానే పడిపోతూ ఉండవచ్చు. అప్పుడు వెంటనే కారు ఆపి, ఇంజను కట్టివేసి, కొలకర్ర తీసి ఆయిల్ మట్టం చూడాలి. మట్టం సరిగా ఉన్నదని మళ్ళీ నడపడం కూడ క్షేమం కాదు, ఒత్తిడి కొలిపించాలి. వైరు సంగతి తరువాత చూచుకోవచ్చునని బయలుదేరిన ఇంజన్లు ఆయిల్ అందక బిగుసుకుపోతాయి.

వెలుగునిచ్చే దీపాలే మినుకుమంటున్నాయని తేలిన తరువాత రెండవ ప్రశ్న. డ్యాష్‌బోర్డు దీపాలు మాత్రమేనా, హెడ్‌లైట్లు, లోపలి పైకప్పు దీపం కూడనా? చీకటిలో ఒక గోడకు ఎదురుగా కారు నిలిపి, హెడ్‌లైట్లు వేసి, గోడ మీది వెలుగును, డ్యాష్‌బోర్డును మార్చి మార్చి చూస్తే ఇది తెలిసిపోతుంది. మూడవ ప్రశ్న, ఎప్పుడు? ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడా, వేగం పెంచినప్పుడా, గతుకులలోనా, బ్రేకు తొక్కినప్పుడా, ఇండికేటర్ వేసినప్పుడా, వాన కురిసినప్పుడా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిన యజమాని మెకానిక్కుకు సగం శ్రమ తగ్గించినట్లే.

డ్యాష్‌బోర్డు దీపాలు మాత్రమే మినుకుమంటూ తక్కినవి నిలకడగా ఉంటే దోషం ఆ పలక వెనుకనే ఉన్నది. బ్యాటరీనీ ఆల్టర్నేటర్‌నూ అనుమానించవలసిన పని లేదు. చాల కార్లలో ఆ దీపాల వెలుగును తగ్గించి పెంచే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. పాత కార్లలో దాని లోపల నిరోధపు తీగ మీద ఒక రేకు జారుతుంది. ఏళ్ళ తరబడి ఒకేచోట నిలిచిన ఆ రేకు కింద మురికి పేరుకొంటుంది. చక్రాన్ని ఈ చివరి నుండి ఆ చివరి వరకు ఇరవైసార్లు తిప్పితే ఎన్నో సందర్భాలలో మినుకు పోతుంది. పైసా ఖర్చు లేదు గనుక ఈ పని ముందు చేయాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ దీపాల ఫ్యూజును బయటికి తీసి, కాళ్ళు నల్లబడినవేమో చూసి, శుభ్రపరచి బిగించాలి. ఒకే ఒక దీపం మినుకుమంటుంటే బల్బు దాని గూటిలో వదులై ఉంటుంది. పలకను అరచేతితో మెల్లగా తట్టినప్పుడు దీపాలు ఆరి వెలిగితే, దాని వెనుక తొడుక్కొనే తీగల కొండి వదులైనా, సర్క్యూట్ పలక మీది టంకం చిట్లినా అయి ఉండాలి. కొండిని లాగి మళ్ళీ గట్టిగా నొక్కడం ఎవరైనా చేయవచ్చు. టంకం వేయడం చేతివాటం ఉన్నవారి పని. ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో స్టీరింగు చుట్టుపక్కల భాగాలు విప్పడం శిక్షణ లేనివారు చేయరాదు. బ్యాటరీ తీగ తప్పించిన తరువాత కూడ కొంతసేపు ఆ బ్యాగు విచ్చుకొనే శక్తి నిలిచి ఉంటుంది.

అన్ని దీపాలు కలిసికట్టుగా మినుకుమంటే వ్యవహారం పెద్దది. అప్పుడు మూలానికి, అంటే బోనెట్ కిందికి పోవాలి. మొదట చూడవలసినవి బ్యాటరీ కొనలు. వాటి చుట్టూ తెల్లగానో నీలిపచ్చగానో పొడి పేరుకొని ఉంటుంది. దానిని తొలగించేటప్పుడు వరుసక్రమం ముఖ్యం. చేతి ఉంగరాలు, లోహపు గడియారం తీసివేయాలి. ఇంజను ఆపి, ముందు రుణ తీగను, తరువాత ధన తీగను విప్పాలి. ధన తీగను ముందు విప్పబోతే పానా పొరపాటున కారు ఒంటికి తగిలి మంటలు రేగే మెరుపు పుడుతుంది. బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు ఉదజని వాయువు వెలువడుతుంది గనుక ఆ మెరుపు ప్రాణాపాయం కూడ కావచ్చు. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కొనలను కడిగి, ఆ నీరు బ్యాటరీ అరలలోకి దిగకుండా మూతలు బిగించి ఉంచి, ఆరిన తరువాత గరుకు కాగితంతో లోహం మెరిసేవరకు రుద్దాలి. బిగించేటప్పుడు ధన తీగ ముందు, రుణ తీగ చివర. పైన కొంచెం వ్యాజలిన్ పూస్తే మళ్ళీ త్వరగా పొడి పట్టదు. చేతితో తిప్పితే తిరిగే కొన బిగువైన కొన కాదు.

తరువాత బెల్టు. హెడ్‌లైట్లు, ఫ్యాను ఒకేసారి వేసినప్పుడు కీచుమనే శబ్దం వచ్చి, ఆ క్షణంలోనే దీపాలు మందగిస్తే బెల్టు జారుతున్నదని అర్థం. ఇంజను ఆపి, రెండు చక్రాల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కితే పాతకాలపు వి ఆకారపు బెల్టు సుమారు ఒక సెంటీమీటరు లోనికి పోవాలి. అంతకుమించి పోతే వదులు. అసలే పోకుంటే మరీ బిగువు, అది ఆల్టర్నేటర్ బేరింగులను తినివేస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రమే మినుకు ఉండి వేగం పెంచగానే సమసిపోతే ఇంజను నెమ్మది నడక వేగం మరీ తక్కువగా ఉన్నదేమో, ఆల్టర్నేటర్‌లోని కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినవేమో చూడాలి. వాటినే పని వారు బొగ్గులంటారు. వేగంతోపాటు దీపాలు హద్దుమీరి ప్రకాశించి, బల్బులు తరచు మాడిపోతుంటే రెగ్యులేటర్ అదుపు తప్పినదన్నమాట. అటువంటప్పుడు కొలిస్తే 15 వోల్టులకు మించి కనబడుతుంది. రేడియోలో ఇంజను వేగాన్ని అనుసరించి హెచ్చుతగ్గులయ్యే సన్నని రొద వినబడితే డయోడ్లలో ఒకటి చెడి ఉండవచ్చు. మల్టీమీటరును ఏకాంతర వోల్టుల స్థానంలో ఉంచి, నడుస్తున్న ఇంజను మీద బ్యాటరీ కొనలవద్ద చూస్తే అర వోల్టుకు మించరాదు.

బ్యాటరీ గుర్తుగల ఎర్రదీపం సంగతి కొంత వివరంగా చెప్పవలసినది. పాతతరం కార్లలో దానికి ఒకవైపు తాళంచెవి ద్వారా బ్యాటరీ నుండి, మరొకవైపు ఆల్టర్నేటర్ నుండి తీగలు వస్తాయి. తాళం తిప్పి ఇంజను కదలకముందు ఒకవైపే విద్యుత్తు ఉంటుంది గనుక దీపం వెలుగుతుంది. ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టగానే రెండువైపులా సమానమైన వోల్టేజి నిలుస్తుంది. సమానుల మధ్య ప్రవాహం ఉండదు గనుక దీపం ఆరిపోతుంది. కాబట్టి ఆ దీపం మసకగా వెలుగుతున్నదంటే రెండువైపులా సమానత్వం లేదన్నమాట. మరొక విశేషమేమనగా, తాళం తిప్పినప్పుడు ఆ దీపం అసలు వెలగకపోవడం కూడ దోషమే. కొన్ని కార్లలో ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపే తొలి విద్యుత్తు ఆ చిన్న బల్బు గుండానే పోతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ నిద్రలోనే ఉండిపోవచ్చు. నాలుగు రూపాయల బల్బుకు బదులు వేల రూపాయల యంత్రాన్ని మార్పించినవారు లేకపోలేదు.

ఈ సందర్భంలో ఒక దురాచారాన్ని గూర్చి చెప్పక తప్పదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగను ఊడలాగి, ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నదని తీర్పు చెప్పడం కొందరికి అలవాటు. డైనమోల కాలంలో ఇది ఎట్లో చెల్లింది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇది చేయరాని పని. బ్యాటరీ అనే ఆనకట్ట లేకపోవడంతో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లను, ఇంజను కంప్యూటరును దహిస్తుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు అదే ప్రశ్నకు ఏ హానీ లేకుండా జవాబు చెబుతుంది. ఎంత పేరున్న మెకానిక్కైనా సరే, తీగను ఊడలాగబోతే యజమాని వారించాలి.

ఇక ఆటోనగర్ మేస్త్రీ కథకు రావచ్చు. డ్రైవరు వచ్చి బ్యాటరీ మార్చమనలేదు, "ఇది మూడోది మేస్త్రీ గారూ, ఇంక నా వల్ల కాదు" అన్నాడట. మేస్త్రీ బ్యాటరీ వైపు చూడనైనా చూడక, "కొన్నదానికి కొలత లేదు, కొలిచినదానికి ఖర్చు లేదు బాబూ, ముందు కొలుద్దాం" అని మల్టీమీటరు తీశాడు. ఇంజను నడిపించి, హెడ్‌లైట్లు వేయించి, ఆల్టర్నేటర్ ధన కొనకు, దాని ఒంటికి మధ్య కొలిచాడు. 14.2 వోల్టులు, నిలకడగా ఉన్నది. అంటే యంత్రం నిర్దోషి. బ్యాటరీ కొనలమధ్య కొలిచాడు. 13.2, మరుక్షణం 12.9, మళ్ళీ 13.3. పుట్టినచోట నిలకడగా ఉన్నది చేరినచోట ఊగుతున్నదంటే దారిలో గండి పడిందన్నమాట. దారులు రెండు. ధన మార్గంలో ఈ కొననుండి ఆ కొనకు కొలిస్తే వోల్టులో పదవ వంతు మాత్రమే నష్టం. రుణ మార్గంలో, అంటే బ్యాటరీ రుణ కొనకు, ఇంజను ఒంటికి మధ్య కొలిస్తే ఒక వోల్టు, ఊగిసలాడుతూ. ఆరోగ్యవంతమైన కారులో అది 0.2 వోల్టు మించకూడదు.

ఈ రుణ మార్గానికి పని వారి భాషలో ఎర్త్ అని పేరు. ఇళ్ళలోని ఎర్త్ తీగ నిజంగానే భూమిలోకి దిగుతుంది. కారు రబ్బరు చక్రాలమీద నిలిచి ఉంటుంది గనుక దాని ఎర్త్‌కు భూమితో సంబంధం లేదు. కారు ఇనుప దేహమే దానికి భూమి. ప్రతి దీపానికి రెండేసి తీగలు లాగే బదులు ఒకే తీగ లాగి, తిరుగు ప్రయాణానికి ఆ దేహాన్నే వాడుకొంటారు. అయితే ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చొని ఉంటుంది. కనుక ఇంజనుకూ, దేహానికీ మధ్య రాగి తీగలతో జడవలె అల్లిన ఒక పట్టీ బిగిస్తారు. డ్రైవరు కారులో బ్యాటరీ రుణ తీగ దేహానికి మాత్రమే బిగించి ఉన్నది. అంటే ఆల్టర్నేటర్ నుండి వచ్చే విద్యుత్తంతా, సెల్ఫ్ మోటారు వాడే విద్యుత్తంతా ఆ ఒక్క పట్టీ గుండానే తిరిగి రావాలి. మచిలీపట్నపు ఉప్పుగాలికి ఆ పట్టీ పచ్చగా తుప్పెక్కి, పోగులు తెగి, నాలుగైదు పోగుల మీద వ్రేలాడుతున్నది. సెల్ఫ్ నీరసం, బ్యాటరీ నిండకపోవడం, దీపాల మినుకు, మూడింటికీ మూలం అదొక్కటే. యాక్సిలరేటర్ తీగ ఒర కూడ ఒకచోట కమిలి ఉండటం మేస్త్రీ చూపించాడు. రాజమార్గం మూసుకొనిపోతే విద్యుత్తు సందుగొందులు వెదుక్కొంటుంది. సన్నని ఇనుప తీగ గుండా పోబోయి దానిని కాల్చింది.

ఆయన అప్పటికీ పట్టీ మార్చలేదు. బ్యాటరీనుండి బ్యాటరీకి చార్జి అందించే లావుపాటి జంపర్ తీగను తెచ్చి, ఒక కొనను ఇంజను ఒంటికి, మరొక కొనను బ్యాటరీ రుణ కొనకు తగిలించాడు. దీపాలు నిలిచాయి. తీశాడు. మినుకు వచ్చింది. మళ్ళీ తగిలించాడు, మళ్ళీ నిలిచాయి. ఏది ఉంటే కార్యం ఉండి, ఏది లేకుంటే కార్యం లేకపోతుందో అదే కారణమని తర్కశాస్త్రం చెబుతుంది. అన్వయ వ్యతిరేకాలని దానికి పేరు. మేస్త్రీ ఆ పేర్లు విని ఉండకపోవచ్చు. కానీ ఆయన చేసినది అదే, మూడుసార్లు చేశాడు. తరువాతనే ఇంజను ఆపి, బ్యాటరీ రుణ తీగ విప్పి, పాత పట్టీ తీసి, బోల్టు కూర్చొనేచోట రంగును, తుప్పును గీకి లోహం తేల్చి, కొత్త పట్టీ బిగించి, పైన గ్రీజు పూశాడు. మళ్ళీ కొలిస్తే ఒక వోల్టు ఉన్నచోట 0.05 వోల్టు. పనికి పట్టిన సమయం గంట లోపు. పట్టీ ఖరీదు ఒక కొత్త బ్యాటరీ ఖరీదులో పదో వంతు కూడ లేదు.

ఇటువంటి దోషాలకు తోడు మనుష్యులు స్వయంగా తెచ్చిపెట్టుకొనేవి కొన్ని ఉన్నాయి. 60/55 వాట్లకు ఏర్పరచిన వైరింగుకు 100/90 వాట్ల బల్బులు వేయించడం, స్విచ్చు మీదనుండే పెద్ద హారన్లకు తీగ లాగడం, అలంకార దీపాలకు దొరికిన తీగనల్లా గీరి చుట్టడం. అదనపు బరువు తప్పనిసరైనప్పుడు బ్యాటరీనుండి విడిగా ఫ్యూజుతో, రిలే ద్వారా తీసుకోవాలి. ఫ్యూజు పోయినచోట రాగితీగ చుట్టినవాడు కారుకు నిప్పు పెట్టడానికి అన్నీ సిద్ధం చేసినట్లే. వానాకాలంలో ఎలుకలు బోనెట్ కింద చేరి తీగల పైతొడుగు కొరుకుతాయి. కొరికిన తీగ ఎండలో పనిచేస్తుంది, తడిసినప్పుడు మినుకుమంటుంది. ఇంజను నడుస్తుండగా, కదిలే భాగాలకు చేయి దూరంగా ఉంచి, తీగల కట్టను ఒక్కొక్కచోట మెల్లగా కదిపి చూస్తే అటువంటి చోటు దొరుకుతుంది. ఇండికేటర్ లయకు అనుగుణంగా వెనుక బ్రేకు దీపం కూడ తళుకుమంటుంటే ఆ దీపాల గూటి ఎర్త్ వదులైనదని వేరే పరీక్ష లేకుండానే చెప్పవచ్చు.

కొత్తతరం కార్లకు ఈ కొలమానాలన్నీ యథాతథంగా వర్తించవు. వాటిలో అనేకం ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్‌ను కంప్యూటరు ద్వారా నడిపిస్తాయి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు వోల్టేజిని కావాలనే తగ్గిస్తాయి, బ్రేకు వేసినప్పుడు పెంచుతాయి. కాబట్టి 12.8 వోల్టులు కనబడినంత మాత్రాన దోషమనరాదు. వాటి డ్యాష్‌బోర్డులలో తీగచుట్ట బల్బులకు బదులు ఎల్.ఇ.డి. దీపాలుంటాయి. అవి తమ నియంత్రణ సర్క్యూట్ల బలంతో వోల్టేజి కొంత తగ్గినా నిలకడగా వెలుగుతాయి. మరీ తగ్గితే మాత్రం పలక మొత్తం ఒక్కసారిగా ఆరి, సూచికలన్నీ సున్నాకు పడి, మళ్ళీ మేల్కొంటుంది. అప్పుడు గుర్తులన్నీ ఒకేసారి వెలుగుతాయి. వాటిని చూసి బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగు అన్నీ చెడిపోయాయని బెంబేలు పడనక్కరలేదు. పదింటికి పది జబ్బులు ఒకే రాత్రి రావు, అన్నింటికీ అన్నం పెట్టే వోల్టేజి తగ్గి ఉంటుంది. అటువంటి కారును స్కానర్‌కు తగిలించి కోడ్లు చదివించే ముందు కూడ బ్యాటరీ కొనలు, ఎర్త్ పట్టీలు చూడాలి. వాటికి ఉప్పుగాలి నుండి మినహాయింపు లేదు.

మచిలీపట్నం డ్రైవరు ఆనాటి సాయంత్రమే తిరుగు ప్రయాణమయ్యాడు. ఉయ్యూరు చేరేసరికి చీకటి పడింది. హెడ్‌లైట్లు వేశాడు.